కొత్త డబ్బాలో పాత ప్యాడ్లు

నాకు కారు నడపడం రాదు. మా ఇంట్లో ఎప్పుడూ కారు లేదు కూడా. అయినా ఉద్యోగం చేసిన చివరి నాలుగేళ్లూ, పొద్దున లేస్తే కార్ల దృశ్యాల కోసం వెతకడమే నా పని. క్లచ్ ప్లేటు కాలితే ఏ రంగుకు తిరుగుతుందో, రేడియేటర్లో నీళ్లు ఏ దారిన పోయి ఏ దారిన వస్తాయో ఇప్పటికీ నోటికి చెప్పగలను. స్టీరింగ్ ముందు కూర్చోబెడితే మాత్రం తాళం ఎటు తిప్పాలో తెలియదు.

ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య వీడియో ఆఫీసుల బోర్డులు కూడా వేలాడుతున్నాయి. మా పంజాగుట్ట చర్చిలో ఒకమ్మాయి ఈమధ్య ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఆంటీ, విజువల్స్ వెతికే ఉద్యోగం వచ్చింది, మీరు చేసిందే" అని సంతోషంగా చెప్పింది. చేయి పట్టుకుని అభినందించాను. ఇంకో మాట చెప్పాలనిపించింది. అంత సంతోషంగా ఉన్న పిల్లకు, చెప్పులు వేసుకుంటున్న జనం మధ్య నిలబడి చెప్పే మాట కాదది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరికి వాళ్ల పేర్లు బయటికి రావడం ఇష్టం లేదు. కొందరి పేర్లు తలచుకోవడం నాకే ఇష్టం లేదు.

కార్ల ఆఫీసుకు ముందు ఇరవై ఏళ్లకు పైగా బంజారా హిల్స్‌లో ఒక టీవీ ఛానెల్ టేపుల లైబ్రరీలో పనిచేశాను. ప్రతి టేపుకూ ఒక కార్డు ఉండేది. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, అందులో ఎవరున్నారు, ఏ సందర్భం అని రాయాలి. చివరి గడి ఖాళీగా వదిలితే మా పెద్దాయన కార్డును బల్ల మీద విసిరికొట్టేవాడు. "రేపు ఎవడో పెళ్లి ఊరేగింపును ధర్నా అని వేస్తాడు. అప్పుడు నువ్వు పోతావా సంజాయిషీ చెప్పడానికి?" అని అరిచేవాడు. ఆయన రిటైరయ్యాడు. తర్వాత టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటరే అన్నీ వెతుకుతుందని చెప్పి మా లైబ్రరీని మూసేశారు. నాకు ఒక శాలువా కప్పి ఇంటికి పంపారు.

ఊరికే కూర్చోవడం చేతకాక నాలుగు చోట్ల అడిగాను. అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో దొరికింది పని. కారు గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా తెలుగులో గంటేసి వీడియోలు చేసే ఆఫీసు. యజమానికి నలభై దాటలేదు. ఊరు మెదక్ వైపు. మొదట కోచింగ్ సెంటరే నడిపాడట. పిల్లలు తగ్గాక ఇందులోకి దిగాడు. పాఠం చెప్పేది ఒక మాజీ పాలిటెక్నిక్ లెక్చరర్. గోదావరి జిల్లా మనిషి. ఇంజను గురించి మొదలుపెడితే కథలా చెప్పేవాడు. ఎడిటింగ్ చేసే అమ్మాయి ఒకతె. నేను. అంతే మేము.

మాట గంటసేపు నడిస్తే బొమ్మ కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉండాలి. లేకపోతే చూసేవాడు వెళ్లిపోతాడు. లెక్చరర్ గారి స్క్రిప్టులో ఎడమవైపు మాట ఉండేది. కుడివైపు 'విజువల్' అని రాసి ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీ నింపడమే నా ఉద్యోగం. నింపడానికి బడ్జెట్ ఎంత అని మొదటి రోజు అడిగితే యజమాని నవ్వి, "ఉంటే మిమ్మల్ని ఎందుకు పిలుస్త మేడం? మీ అనుభవమే మన బడ్జెట్" అన్నాడు. పొగడ్త అనుకున్నాను.

ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే దృశ్యాలన్నీ పరాయి దేశాలవి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, రోడ్డు మీద మంచు ఉంటుంది. మా వీడియో కింద ఎవరో, "సార్, ఎండాకాలం కారు జాగ్రత్తలు చెప్తూ గా మంచు ఏంది?" అని రాశాడు. కార్ల కంపెనీల ప్రకటనల్లోంచి ముక్కలు తీసుకుంటే కాపీరైట్ హెచ్చరికలు వచ్చాయి. రెండు వచ్చాయి, మూడోది వస్తే మా వీడియోల ఛానెలే పోతుందన్నారు. కాబట్టి మేమే తీసుకోవాలి. మా దగ్గరున్నది ఒక మామూలు కెమెరా, ఒక స్టాండు.

ఆ కరువులో నేను చేసిన కొన్ని పనులు తలచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. గేర్లు తనంతట తానే మార్చుకునే కారులో ఇంజను బలం చక్రాలకు నూనె ద్వారా ఎలా చేరుతుందో చూపించాలి. లోపల జరిగేది బయటికి కనపడదు. పక్క వీధి లేడీస్ హాస్టల్ వార్డెన్‌ను బతిమాలి రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చి ఎదురెదురుగా పెట్టాను. ఒకదానికే కరెంటు ఇచ్చాను. ఆ గాలికి రెండోదాని రెక్కలు మెల్లగా కదిలి, తర్వాత జోరుగా తిరిగాయి. లెక్చరర్ గారు కుర్చీలోంచి లేచి, "మేడం గారూ, పాతికేళ్లు బోర్డు మీద బొమ్మలేశానండి. ఇంత బాగా ఏ ఒక్కరోజూ చెప్పలేకపోయాను" అన్నాడు. క్లచ్‌కు మా ఇంటి స్టీలు పళ్లేలు పనికొచ్చాయి. కార్బురేటర్‌కు ఇస్త్రీ బండి దగ్గర నీళ్లు చల్లే సీసా.

కానీ పళ్లేలతో ఎంతకాలం? నిజమైన కారు విప్పి చూపించే మనిషి కావాలి. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో షెడ్డు షెడ్డూ తిరిగాను. కెమెరా సంచీ చూడగానే చాలామంది "టీవీవాళ్లా? వద్దమ్మా, పోండ్రి" అన్నారు. ఒక లేతు మిషన్ల వర్క్‌షాపు వెనక, రేకుల కప్పు కింద ఒకాయన మాత్రం కారు కిందనుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఏం చూపెట్టాలె అక్కా?" అని అడిగాడు.

యాభై దాటిన మనిషి. బ్రేకుల పనికి ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. ఎడమచేతి ఉంగరం వేలు సగానికి లేదు. చిన్నప్పుడు ఫ్యాన్ బెల్టులో పడి పోయిందట. నేను చెప్పిందంతా విని ఒకే షరతు పెట్టాడు.

"మొఖం తియ్యొద్దు అక్కా. చేతులు ఎంత కావాలంటే అంత తీస్కోండి. యాక్టర్లు కావాలంటే కృష్ణానగర్ పోండ్రి, మస్తుమంది దొరుకుతరు."

"మొఖం రాదు భాయ్, నాది జిమ్మేదారీ" అన్నాను.

మూడేళ్లు ఆయన షెడ్డుకు వెళ్లాను. వారానికోసారి, కొన్నిసార్లు రెండుసార్లు. ఏది అడిగితే అది విప్పాడు. వెలుతురు చాలకపోతే కారును బయటికి తోశాడు. "మల్లొక్కసారి భాయ్, చెయ్యి అడ్డమొచ్చింది" అంటే విసుక్కోకుండా బిగించిన బోల్టు మళ్లీ విప్పాడు. ఎందుకింత చేస్తున్నారని ఒకసారి అడిగాను. "మా ఉస్తాద్ నాకు తిట్టుకుంట నేర్పిండు. మీ సార్ నవ్వుకుంట చెప్తున్నడు. నేర్చుకునేటోళ్లు నేర్చుకోనీ" అన్నాడు. క్రిస్మస్‌కు మా ఇంట్లో చేసిన గులాబీ పూలు, కజ్జికాయలు డబ్బాలో తీసుకెళ్తే ఇంటికి పట్టుకుపోయి, మర్నాడు డబ్బా కడిగి తెచ్చేవాడు. మా మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అంతే.

ఇప్పుడు అసలు సంగతి.

ఒకరోజు ఆయన ఎవరిదో కారుకు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేస్తుంటే తీస్తున్నాను. పని అయ్యాక, విప్పి తీసిన పాత ప్యాడ్లను గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. కొత్తవి వచ్చిన అట్టడబ్బా అక్కడే ఉంటే అందులో పెట్టి మూత మూశాడు. కెమెరా ఇంకా నడుస్తోంది. అదేంటి భాయ్ అన్నాను.

"కస్టమర్‌కు ఇస్త అక్కా. కొత్తయి ఏసిన అని నోటితోని చెప్తే ఎవడు నమ్ముతడు? డబ్బా మీద కంపెనీ పేరు చూస్తరు, లోపల ఎంత అరిగినయో చూస్తరు. దిల్ సాఫ్ అయితది." డబ్బాను కారు ముందు సీటు మీద పెట్టాడు.

ఆఫీసుకొచ్చి ఆ ఫైలుకు పేరు పెట్టాను: 'పాత ప్యాడ్లు, కొత్త డబ్బా, చేతులు.' సందర్భం రాయలేదు. రాయడానికి మా ఆఫీసు పట్టికలో ఆ గడే లేదు. గడి కల్పించుకోవచ్చు, నాకు ఎవరూ అడ్డం లేరు. తీసింది నేనే కదా, నాకు గుర్తుండదా అనుకున్నాను.

గుర్తుండకపోవడం వల్ల జరిగిందని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది!

నాలుగో ఏట మా వీడియోలు చూసేవాళ్లు తగ్గారు. యజమాని మొహంలో నవ్వు పోయింది. ఒకరోజు లెక్చరర్ గారిని కూర్చోబెట్టి, "సార్, పాఠాలు చాలు. సర్వీసు పేరు మీద చేసే మోసాల మీద ఒక గంట చెయ్యండ్రి. జనం గది చూస్తరు" అన్నాడు. లెక్చరర్ గారికి ఇష్టం లేకపోయినా రాశాడు. అందులో ఒక వాక్యం ఉంది: 'కొందరు పాత ప్యాడ్లనే తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి, కొత్తవని అంటగడతారు.' పక్కన కుడివైపు ఖాళీ.

మోసం చేస్తూ కెమెరా ముందు నిలబడేవాడు ఎవడుంటాడు? వీడియో మర్నాడు పొద్దున పెట్టాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎడిటింగ్ అమ్మాయి పట్టికలో వెతికి, "మేడం, మన దగ్గర ఉంది కదా!" అని తెర మీద పెట్టింది. సగం వేలున్న చెయ్యి, పాత ప్యాడ్లు తుడిచి, కొత్త డబ్బాలో పెడుతోంది. ఆరు సెకన్లు. వాక్యం కూడా అంతే.

"అది వేరే సందర్భం" అన్నాను. అంతవరకు చెప్పాను. ఆ మాట అన్నానని చెప్పుకుంటూ చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను.

"చేతులే కదండీ మేడం గారూ. ముఖం లేదు, పేరు లేదు. ఏంటి ఇబ్బంది?" అన్నాడు లెక్చరర్.

"అయితే కింద 'ఫైల్ విజువల్స్' అని అక్షరాలు వేయండి. మా టీవీ ఛానెల్లో పాత బొమ్మ వాడితే అట్లనే వేసేటోళ్లం" అన్నాను.

యజమాని తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "గా అక్షరాలు చూస్తే పాత సామాను అనుకుంటరు మేడం. వెళ్లిపోతరు. గట్లనే పోనియ్యుండ్రి."

నేనేం చేయొచ్చో చెప్తాను. పంజాగుట్టలో ఏ స్పేర్ పార్టుల దుకాణంలో అడిగినా ఒక ఖాళీ డబ్బా ఇస్తారు. అరిగిన ప్యాడ్లు మా ఆఫీసు అల్మరాలోనే ఉన్నాయి, ఏదో పాఠానికి తెచ్చినవి. నా చేతులు నాకున్నాయి. బల్ల మీద గుడ్డ పరిచి నా చేతులతోనే ఆ ఆరు సెకన్లు తీయొచ్చు. గంట పని. ఆ రోజు ఎండ మండిపోతోంది, మోకాళ్లు నొప్పి, మూడంతస్తులు దిగి ఎక్కాలి. ఇవన్నీ నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది. ఆ షాటు ఆ వాక్యం కింద అచ్చుగుద్దినట్టు కుదిరింది. 'కొత్త డబ్బాలో' అన్నచోట మూత సరిగ్గా పడింది. అది చూసి పని తెలిసిన మనిషిగా నా మనసు ఒక్క క్షణం ముచ్చటపడింది. ఇరవై ఏళ్ల అలవాటు అది. సరే అన్నాను.

మా ఆఫీసు చరిత్రలో అంతమంది చూసిన వీడియో లేదు. యజమాని మిఠాయి తెప్పించాడు. ఎవరో ఆ బ్రేకుల ముక్కను మాత్రం కత్తిరించి, 'మీ పిల్లల ప్రాణాలతో ఆటలు' అని పైన ఎర్రగా రాసి వాట్సాప్‌లో వదిలారు. అది మా చర్చి గ్రూపులోకి కూడా వచ్చింది. చూసి ఫోను పక్కన పెట్టాను.

పది రోజులు గడిచాయేమో, ఎడిటింగ్ అమ్మాయి నన్ను పిలిచింది. "మేడం, ఈ కామెంట్లు చూడండి." ఒకరు రాశారు: 'గీ సగం ఏలు నాకు ఎరుకే. సనత్‌నగర్ల లేతు షాపు ఎనక.' దాని కింద ఇంకొకరు: 'మా క్యాబ్ బ్రేకులు సుత వీనితోనే చేపించిన.' యజమానికి చూపిస్తే, "డిలీట్ చెయ్యి" అని అమ్మాయికి చెప్పి ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

నేను ఆ రోజే బస్సెక్కి షెడ్డుకు వెళ్లాల్సింది. వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను అనుకున్నాను. భయపడ్డాను, అంతే.

నాలుగో రోజు ఆయనే వచ్చాడు.

పొద్దున పదకొండయి ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చాడు. షెడ్డు బయట ఆయన్ను చూడటం నాకు అదే మొదలు. యజమాని గదిలో కూర్చోబెట్టారు. లెక్చరర్ గారు, నేను అక్కడే ఉన్నాం. ఆయన నన్ను చూసి తలాడించాడు. మామూలుగా, ఎప్పటిలాగే.

"సార్, నేను లొల్లి చెయ్యనీకి రాలే. ఒక్క మాట అడగనీకి వచ్చిన." రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "వీడియోల ఉన్నయి గీ చేతులే గదా?"

యజమాని కుర్చీలో సర్దుకున్నాడు. "అన్నా, వీడియోల నీ పేరు చెప్పినమా? షెడ్డు పేరు చెప్పినమా?"

"పేరు చెప్పలే సార్. చెయ్యి చూపెట్టిండ్రు. నా పేరు కాలనీలో సగం మందికి తెల్వదు. చెయ్యి అందరికీ ఎరుకే."

అప్పుడు చెప్పాడు. క్యాబ్‌వాళ్లు రావడం మానేశారు. ఒకడు షెడ్డు ముందుకొచ్చి, పది మందిలో ఫోను పైకెత్తి ఆ ముక్క చూపించి తిట్టాడు. పంజాగుట్టలో ఒక స్కూలు వ్యాన్లన్నీ ఏళ్ల తరబడి ఆయన దగ్గరికే వచ్చేవి. షెడ్డు నడిచేదే ఆ పని మీద. పిల్లల తల్లిదండ్రులు ఆ ముక్క చూసి స్కూలుకు వెళ్లి గొడవ చేశారు. వ్యాన్లు ఆగిపోయాయి.

యజమాని కాసేపు పెన్ను తిప్పి, "గా ముక్క తీసేపిస్త అన్నా. ఇయ్యాల్నే" అన్నాడు.

"తీసేస్తే చూసినోళ్ల కండ్లల్లకెల్లి పోతదా సార్? సార్ ఒక్కసారి చెప్తే చాలు." లెక్చరర్ వైపు తిరిగాడు. "గా చెయ్యి మోసం చేస్తలేదు, పాత సామాను కస్టమర్‌కు వాపస్ ఇస్తున్నది అని. మీరు చెప్తే వింటరు సార్. మా షెడ్డుల సుత మీ మాట వింటరు."

లెక్చరర్ గారి మొహం ఎర్రబడింది. "చెప్దామండీ. వచ్చే వీడియో మొదట్లోనే చెప్దాం. తప్పేముంది?"

"సార్, జర ఆగుండ్రి." యజమాని గొంతు తగ్గించాడు. "మోసాల గురించి చెప్పిన వీడియోలనే మనం తప్పు చూపెట్టినమని మనమే చెప్పుకుంటే, మిగిలిన గంట ఎవరు నమ్ముతరు? ఆలోచిద్దాం. అన్నా, నాకు వారం టైమియ్యి."

ఆయనకు అర్థమైంది. నా వైపు చూశాడు.

"అక్కా, మీకైతే తెలుసు గదా. గా రోజు మీరే అడిగిండ్రు, నేను చెప్పిన. మీరు లేనప్పుడు వీళ్లెవరో పెట్టిండ్రు. జర చెప్పుండ్రి అక్కా సార్‌కు."

ఆ క్షణంలో కూడా ఆయన నన్ను వదిలేసి మిగతావాళ్లనే అనుమానించాడు. నేను ఊరుకుంటే అలాగే నమ్మి వెళ్లిపోయేవాడు.

"నేను లేనప్పుడు కాదు భాయ్. నేనే పెట్టిన" అన్నాను.

"మీరా?"

ఒక్క మాటే. కోపంగా అనలేదు. సరిగ్గా వినపడనట్టు అడిగాడు. తర్వాత బల్ల మీదనుంచి చేతులు తీసుకుని లేచాడు. నేను వెనకాలే మెట్ల దాకా వెళ్లాను. కింద కోచింగ్ సెంటర్లో క్లాసు వదిలారు, మెట్ల నిండా పిల్లలు. "భాయ్, ఆగుండ్రి" అన్నాను. ఆయన గోడకు ఒదిగి పిల్లలకు దారిచ్చి, వెనక్కి చూడకుండానే, "పోనియ్యుండ్రి అక్కా" అని వాళ్ల మధ్యనుంచి దిగిపోయాడు.

ఆ సాయంత్రమే ఆరు సెకన్లూ తీసేశారు. వాక్యంతో సహా. చూసేవాళ్లెవరికీ తేడా తెలియలేదు. వాట్సాప్‌లో తిరుగుతున్నది తిరుగుతూనే ఉంది. వారం గడిచింది, వచ్చే వీడియో వచ్చింది, అందులో సవరణ లేదు. లెక్చరర్ గారు నా కళ్లలోకి చూడటం మానేశాడు. చాలా నెలల తర్వాత ఫోను చేసి, "నేను రికార్డు చేశానండి మేడం గారూ, వాళ్లు కత్తిరించేశారు" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కావాలంటే తన ఫోనులో తనే చెప్పి పంపొచ్చుగా అని అడగబోయి ఆగాను. అడిగే హక్కు నాకెక్కడిది?

ఆలస్యంగానైనా ఒక పని చేశాను. ఆ రోజు తీసిన అసలు ఫైలు మొత్తం, ఆయన గొంతు కూడా వినపడేది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పంజాగుట్టలో ఆ స్కూలుకు వెళ్లాను. వ్యాన్ల వ్యవహారం చూసే ఇన్‌ఛార్జిని కలిశాను. పెద్దమనిషి, ఓపిగ్గా రెండుసార్లు చూశాడు. 'దిల్ సాఫ్ అయితది' అన్నచోట కళ్లజోడు తీశాడు.

"నాకు ముందే డౌటు అమ్మా. ఆయన గట్లాంటోడు కాదు. ఒకసారి నేను పంపిన వ్యాన్‌ను, ప్యాడ్లు ఇంకా ఆర్నెల్లు నడుస్తయి, ఇప్పుడొద్దు అని వాపస్ పంపిండు."

"మరి మీ పెద్దవాళ్లకు చెప్పండి సార్."

"చెప్త. కానీ బ్రేకుల సంగతి గదమ్మా. నిజమా అబద్ధమా తేలేదాకా ఏ మేనేజ్‌మెంట్ ఆగుతది? వేరేటోళ్లకు ఇచ్చేసిండ్రు. సంతకాలు సుత అయిపోయినయి." నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. "మీరు ఒక్క పది రోజులు ముందొస్తే ఏమన్న చేసేటోడినేమో."

పది రోజులు. నేను భయపడి కూర్చున్నవీ, వారం ఆగమంటే ఆగినవీ కలిపితే అన్నే.

ఆఫీసు ఫుటేజీ బయటికి తీసుకెళ్లానని యజమానికి తెలిసింది. "గిది దొంగతనం మేడం. మీ వయసుకు మర్యాద ఇచ్చి పోలీసుల దాకా పోతలేను" అన్నాడు. ఆ మాటకు నవ్వొచ్చింది. నవ్వానని ఇంకా కోపం వచ్చింది ఆయనకు. సంచీ తీసుకుని దిగిపోయాను. ఈసారి శాలువా కూడా లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పాలనుకున్న మాట ఇదీ. బడ్జెట్ లేదంటే దాని అర్థం ఖర్చు లేదని కాదు. ఎవరో పెట్టుకుంటున్నారని. ఆ ఎవరో తరచుగా తలుపు తీసి కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్లే అయివుంటారు. మిమ్మల్ని 'వద్దు, పో' అన్న పదిమంది షెడ్డులవాళ్లకూ ఏమీ కాలేదు. మీ పట్టికలో సందర్భం అనే గడి పెట్టుకోండి, పెట్టుకుని నింపండి. కానీ గడి నింపితే చాలని కూడా అనుకోకండి. నాకు అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే పెట్టాను.

ఆయన షెడ్డు ఆ ఏడాదే మూతపడింది. వెళ్లి చూస్తే రేకులు విప్పేసి ఉన్నాయి, లేతు మిషన్లవాళ్లు అక్కడ ఇనుప ముక్కలు పోసుకుంటున్నారు. రెండు వీధుల అవతల ఒక పెద్ద షెడ్డులో జీతానికి చేరాడని చెప్పారు. వెతుక్కుంటూ వెళ్లాను. ఒక కుర్ర యజమాని కేకలేస్తుంటే, ఆయన ఒక జీపు చక్రం విప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు. చేతులు కడుక్కుని, స్టూలు తెచ్చి వేసి, చాయ్ చెప్పాడు. ఇంట్లో వాళ్లెలా ఉన్నారంటే బాగున్నారన్నాడు. మా వాళ్ల గురించి అడిగాడు. కాసేపు వానల గురించి మాట్లాడాం.

ధైర్యం చేసి అడిగాను. "భాయ్, నా ఫోనులనే మీతోని రెండు మాటలు చెప్పిస్త. పాత వీడియో సుత పక్కన పెడ్త. నేను సుత మొఖం చూపెట్టి, తప్పు నాది అని చెప్త. జనానికి తెల్వాలె గదా."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, గౌరవంగానే చెప్పాడు.

"వద్దక్కా. మల్ల కెమెరానా?"

ఫోను సంచీలో పెట్టేశాను. మిగిలిన చాయ్ తాగాను. నేను లేస్తుంటే ఆయన కూడా లేచి, షెడ్డు యజమాని అటు తిరిగి ఉన్నాడా అని చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఏమనుకోకండి. ఇక్కడ గీ సేఠ్‌కు గా వీడియో సంగతి తెల్వదు. పనోళ్లల్ల ఇద్దరికి తెలుసు, వాళ్లు చెప్పలే. మీరు వచ్చి పోతుంటే ఈమె ఎవరు, ఎట్ల ఎరుక అని అడుగుతరు. మీరు మల్ల రాకండి."

"సరే భాయ్" అన్నాను.

వీధి చివరిదాకా తోడొచ్చి, సిటీ బస్సు వచ్చేదాకా నిలబడి, నన్ను ఎక్కించి వెళ్లాడు. నేను మళ్లీ సనత్‌నగర్ వెళ్లలేదు.